మైసూరు జావా మోటార్‌సైకిల్ విద్యుద్భాగాలు: అలభ్యత, మరమ్మతు, నైపుణ్యం

వ్యాససంగ్రహం:

తయారీ నిలిచిపోయిన మోటార్‌సైకిళ్లకు విద్యుద్భాగాలు దొరకడం లేదన్న మాట తరచుగా వినిపిస్తుంది. మైసూరులో తయారైన 250 సీసీ జావా బండిలోని 6 వోల్టుల డైనమో వ్యవస్థను ఉదాహరణగా తీసుకొని ఆ మాటలోని వాస్తవాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. దొరకనిది వస్తువా, లేక ఆ వస్తువు చేసే పనా అన్న ప్రశ్న వేసుకున్నప్పుడు, అలభ్యంగా కనిపించే భాగాల్లో చాలావాటికి మార్గం ఉందని వివరిస్తుంది. ఆ మార్గం ఎక్కువగా విడిభాగాల దుకాణంలో కాక, పంపుసెట్ల మోటార్లకూ మిక్సీలకూ తీగ చుట్టే రీవైండింగ్ దుకాణాల్లో ఉందని, ఆ నైపుణ్యాన్ని నమోదు చేయకపోవడమే అసలైన కొరత అని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జావా, యెజ్డీ, డైనమో, కండెన్సర్, ఆర్మేచర్, రీవైండింగ్, మరమ్మతు, వృత్తిపదాలు, సాంకేతిక వారసత్వం.

1. ఉపోద్ఘాతం

జావా సంస్థను 1929లో చెకొస్లొవేకియాలో ఫ్రాంటిషెక్ యానెచెక్ స్థాపించాడు. ఆయన ఇంటిపేరులోని తొలి అక్షరాలూ, ఎవరి నమూనా ఆధారంగా తొలి బండి తయారైందో ఆ జర్మన్ సంస్థ వాండరర్ పేరులోని తొలి అక్షరాలూ కలిసి ‘జావా’ అయింది. 1960ల తొలినాళ్లలో ఐడియల్ జావా (ఇండియా) లిమిటెడ్ మైసూరులో అనుమతి ఒప్పందం కింద ఈ బండ్ల ఉత్పత్తి చేపట్టింది. 1970లలో అవే బండ్లు ‘యెజ్డీ’ పేరుతో రాసాగాయి. 1996లో కర్మాగారం మూతపడింది. 2018లో జావా పేరు, 2022లో యెజ్డీ పేరు తిరిగి విపణిలోకి వచ్చాయి. అయితే ఇవి పూర్తిగా కొత్త ఇంజన్లతో, కొత్త విద్యుద్వ్యవస్థతో రూపొందిన బండ్లు. పాత బండి యజమానికి ఈ పునరాగమనం వల్ల పేరు దక్కింది గాని విడిభాగం దక్కలేదు.

పాత బండి ఇంజన్‌కు సంబంధించిన యాంత్రిక భాగాలను లేతు యంత్రం మీద తయారు చేయించవచ్చు. పిస్టన్ అరిగితే సిలిండర్ బోరింగ్ చేయించి తరువాతి కొలత పిస్టన్ వేయవచ్చు. అరుగుదల కంటికి కనిపిస్తుంది, కొలతకు అందుతుంది. విద్యుద్భాగాల సంగతి వేరు. చెడిపోయిన కండెన్సర్, బాగున్న కండెన్సర్ చూడటానికి ఒకేలా ఉంటాయి. అందువల్ల ‘కరెంటు సమస్య’ వచ్చిన బండి తరచుగా ఇంటి మూలకు చేరుతుంది. ఇంజన్ ఆరోగ్యంగా ఉండగానే బండి ఆగిపోవడానికి ఇది ఒక ముఖ్యకారణం. ఈ నేపథ్యంలో విద్యుద్భాగాల అలభ్యత స్వరూపాన్ని శాస్త్రీయంగా పరిశీలించవలసిన అవసరం ఉంది.

2. జావా విద్యుద్వ్యవస్థ స్వరూపం

మైసూరు జావా 250 సీసీ బండిలో విద్యుత్తును పుట్టించేది 6 వోల్టుల డైనమో. దీనికి విడిగా గొలుసు గాని, పళ్లచక్రం గాని, సొంత బేరింగులు గాని లేవు. ఆర్మేచర్ నేరుగా ఇంజన్ క్రాంక్‌షాఫ్ట్ చివరన బిగించి ఉంటుంది. దాని చుట్టూ ఫీల్డ్ కాయిల్స్ గల స్థిరభాగం ఉంటుంది. ఆర్మేచర్ మీది కమ్యుటేటర్‌ను తాకుతూ కార్బన్ బ్రష్‌లు కరెంటును గ్రహిస్తాయి. ఆ చివరనే ఉన్న క్యామ్ కాంటాక్ట్ పాయింట్లను తెరుస్తూ మూస్తూ ఉంటుంది. దక్షిణాది వర్క్‌షాపుల్లో వీటిని ‘ప్లాటినం పాయింట్లు’ అంటారు. పేరులో ప్లాటినం ఉన్నా, ఒకదానినొకటి తాకే లోహం సాధారణంగా టంగ్‌స్టన్. పాయింట్ల మధ్య ఉండవలసిన దూరం 0.4 మి.మీ.

డైనమో ఇచ్చే కరెంటును అదుపు చేసేది రెగ్యులేటర్. ఇగ్నిషన్ కాయిల్, బ్యాటరీ, దీపాలు, హారన్ తక్కిన భాగాలు. డైనమో సామర్థ్యం సుమారు 45 వాట్లు. అందులో హెడ్‌లైటుకు 25 వాట్లు, వెనుక దీపానికి 5 వాట్లు పోగా, ఇగ్నిషన్ కాయిల్‌కు మరికొన్ని వాట్లు కావాలి. రాత్రి ప్రయాణంలో బ్యాటరీ నిండటానికి మిగిలేది అతి స్వల్పం. ఈ ఇరుకైన లెక్కే మరమ్మతుకు సంబంధించిన ప్రతి నిర్ణయాన్నీ శాసిస్తుంది. కాంతి చాలడం లేదని 60 వాట్ల హాలోజన్ బల్బు వేస్తే, ఆ ఒక్క దీపమే 6 వోల్టుల దగ్గర 10 ఆంపియర్లు కోరుతుంది. డైనమో పూర్తి సామర్థ్యం 7.5 ఆంపియర్లకు మించదు. ఇక్కడ చెడిపోయేది డైనమో కాదు, లెక్క.

3. అలభ్యత: మూడు విధాలు

‘దొరకని భాగాలు’ అని ఒకే మాటతో వ్యవహరించేవాటిని మూడు వర్గాలుగా విభజించవచ్చు.

మొదటి వర్గం అరిగిపోయేవి, కాలం తీరేవి: పాయింట్లు, కండెన్సర్, బ్రష్‌లు, బల్బులు, బ్యాటరీ. ఇవి బండితో పాటు పుట్టి బండితో పాటు పోయేవి కావు. తయారీ కాలంలో కూడా మారుస్తూ ఉండవలసినవే. వీటిలో కావలసింది పాతపేరు గల వస్తువు కాదు, తగిన కొలతలూ గుణాలూ గల వస్తువు.

రెండో వర్గం తిరిగి చుట్టదగినవి: ఆర్మేచర్, ఫీల్డ్ కాయిల్స్. వీటి ఇనుప భాగం దాదాపు శాశ్వతం. కాలిపోయేది రాగితీగ మీది పూత, అట్టముక్కల వంటి ఇన్సులేషన్ మాత్రమే.

మూడో వర్గం ఆకృతి వల్ల ప్రత్యేకమైనవి: ఇగ్నిషన్ స్విచ్, రెగ్యులేటర్ పెట్టె, బ్రష్‌లను పట్టి ఉంచే పళ్లెం, బేకలైట్ ముక్కలు. నిజమైన అలభ్యత ఈ వర్గానిదే. ఇవి పోతే బండి రూపమే మారిపోతుంది. అందువల్ల పగిలినా, పనిచేయకపోయినా వీటిని పారవేయకూడదు.

ఆచరణలో ఈ క్రమం తలకిందులవుతుంది. మూడో వర్గంలోని రెగ్యులేటర్‌ను పెట్టెతో సహా పారవేసి, మొదటి వర్గంలోని కండెన్సర్ కోసం ‘అసలు సరుకు’ వెదకడం సాధారణంగా కనిపిస్తుంది. అమ్ముడుపోకుండా దశాబ్దాల పాటు దుకాణంలో ఉండిపోయిన పాత సరుకుకు అధిక ధర పలుకుతుంది. స్విచ్చుకూ, ఇత్తడి ముక్కకూ ఆ ధర సమంజసమే. కాగితపు పొరలతో చేసిన కండెన్సర్ విషయంలో మాత్రం అది నష్టం. వాడకపోయినా దానిలోనికి తేమ చేరుతుంది, ఇన్సులేషన్ క్షీణిస్తుంది. డబ్బా విప్పనిదైనా అది కొత్తది కాదు.

4. లోపనిర్ధారణ: వెదకడానికి ముందు చేయవలసిన పని

భాగం కోసం వెదకడానికి ముందు ఆ భాగమే చెడిందని రుజువు కావాలి. 6 వోల్టుల వ్యవస్థలో ఈ నియమానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. ఒకే వాటేజీకి 12 వోల్టుల బండిలో ప్రవహించే కరెంటుకు రెట్టింపు కరెంటు 6 వోల్టుల బండిలో ప్రవహిస్తుంది. 24 వాట్ల దీపాన్ని తీసుకుంటే, 12 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు, 6 వోల్టుల దగ్గర 4 ఆంపియర్లు అవసరం. తుప్పు పట్టిన ఒక ఎర్త్ కనెక్షన్ దగ్గర 0.25 ఓముల నిరోధం ఏర్పడిందనుకుంటే, మొదటి బండిలో దాదాపు 0.5 వోల్టు, రెండో బండిలో దాదాపు 1 వోల్టు నష్టమవుతుంది. మొదటిదానిలో అది ఇరవై నాలుగో వంతు, రెండోదానిలో ఆరో వంతు. అంటే అదే తుప్పు పాత బండిలో నాలుగు రెట్ల హాని చేస్తుంది. తీగదీపపు కాంతి వోల్టేజీ తగ్గుదల కన్నా చాలా వేగంగా తగ్గుతుంది. వోల్టేజీలో ఆరో వంతు పోతే కాంతి సుమారు సగానికి పడిపోతుంది. ‘డైనమో పోయింది’ అన్న నిర్ణయానికి ఈ మసకదీపమే చాలా సందర్భాల్లో కారణం.

అందువల్ల పరీక్షాక్రమం బ్యాటరీతో, ఎర్త్‌తో మొదలుకావాలి. రంగు వేయించిన చాసిస్ మీద ఎర్త్ తీగ బిగిస్తే ఆ రంగే అడ్డుగోడ అవుతుంది. బండిని పునరుద్ధరించిన తరువాత కొత్తగా వచ్చే విద్యుత్ సమస్యల్లో ఇది ప్రధానమైనది. తీగ బిగించే చోట రంగు గీకి, లోహం మెరిసేలా చేసి, బిగించిన తరువాత గ్రీజు పూయాలి. దీపం వెలుగుతుండగా బ్యాటరీ ఎర్త్ కొసకూ, దీపపు ఎర్త్ కొసకూ మధ్య మల్టీమీటర్ పెట్టి చూస్తే, దారిలో ఎంత వోల్టేజీ నష్టమవుతున్నదో తెలుస్తుంది. నిరోధాన్ని నేరుగా కొలిచే పద్ధతి కన్నా ఇది నమ్మదగినది. ఎందుకంటే కరెంటు ప్రవహిస్తున్నప్పుడే ఆ లోపం బయటపడుతుంది.

తరువాతి మెట్టు ఎర్రదీపం. స్విచ్ వేసినప్పుడు వెలిగి, ఇంజన్ వేగం పెరిగినప్పుడు ఆరిపోవడం దాని ధర్మం. ఆరకపోతే రెగ్యులేటర్ నుంచి డైనమోను విడదీసి, ఫీల్డ్ వలయాన్ని విడిగా పూర్తి చేసి, తక్కువ వేగంలో కొద్ది క్షణాలు మాత్రమే డైనమో వోల్టేజీ చూడాలి. వోల్టేజీ చక్కగా పెరిగితే డైనమో నిర్దోషి, లోపం రెగ్యులేటర్‌లోనో తీగల్లోనో ఉంది. అసలు పెరగకపోతే బ్రష్‌లు, కమ్యుటేటర్, ఫీల్డ్, ఆర్మేచర్ అన్న వరుసలో చూడాలి. చాలాకాలం నిలిచిపోయిన బండిలో డైనమో ఇనుములో మిగిలి ఉండవలసిన స్వల్ప అయస్కాంతత్వం తగ్గిపోయి ఉండవచ్చు. అప్పుడు ధ్రువాలు సరిచూసుకొని, బ్యాటరీ నుంచి ఫీల్డ్‌కు క్షణకాలం కరెంటు ఇస్తే డైనమో తిరిగి మేలుకుంటుంది. ఇది పైసా ఖర్చు లేని మరమ్మతు. దీనికి ముందే ఆర్మేచర్‌ను విప్పి రీవైండింగ్‌కు పంపడం అనవసరపు శ్రమ.

మరొక అంశం యాంత్రికమైనది. ఆర్మేచర్‌కు సొంత బేరింగులు లేనందున, క్రాంక్ బేరింగ్ అరిగితే ఆర్మేచర్ ఊగుతుంది. ధ్రువాలకు రాసుకుంటుంది, పాయింట్ల దూరం తిరుగుడు తిరుగుడుకూ మారుతుంది. క్రాంక్ సీలు కారితే కమ్యుటేటర్ మీదికి నూనె చేరుతుంది. ఆర్మేచర్ మీద ఒకవైపు మెరుస్తున్న రాపిడి గీతలు కనిపిస్తే అది విద్యుత్ సమస్య కాదు, ఇంజన్ సమస్య. అటువంటి బండికి కొత్త ఆర్మేచర్ వేసినా పాతదాని గతే పడుతుంది.

5. కండెన్సర్: పేరు ఒకటి, పని వేరు

విద్యుద్భాగాల్లో అతి చిన్నది, అతి చౌకది, అతి ఎక్కువగా అపార్థానికి గురైనది కండెన్సర్. పాయింట్లు మూసుకున్నప్పుడు ఇగ్నిషన్ కాయిల్ ప్రాథమిక చుట్టలో కరెంటు ప్రవహించి అయస్కాంతక్షేత్రం ఏర్పడుతుంది. పాయింట్లు తెరుచుకున్న క్షణాన ఆ కరెంటు ఆగడానికి ఇష్టపడదు. ప్రాథమిక చుట్టలోనే 200 నుంచి 300 వోల్టుల వరకు వోల్టేజీ పుడుతుంది. కండెన్సర్ లేకపోతే కరెంటు పాయింట్ల మధ్య మంటగా దూకుతుంది, క్షేత్రం నెమ్మదిగా కూలుతుంది, ప్లగ్ దగ్గర స్పార్క్ బలహీనమవుతుంది. కండెన్సర్ ఆ కరెంటును కొన్ని క్షణాంశాల పాటు తనలోకి తీసుకుంటుంది. ఆ వ్యవధిలో పాయింట్లు తగినంత దూరం జరుగుతాయి, క్షేత్రం ఒక్కసారిగా కూలుతుంది, ప్లగ్‌కు వేల వోల్టులు అందుతాయి. పాయింట్ల దగ్గర నీలిమంట, నల్లబారిన ముఖాలు, వేడెక్కాక ఆగిపోయి చల్లారాక మళ్లీ స్టార్ట్ అయ్యే ఇంజన్ అన్నవి కండెన్సర్ లోపానికి సాధారణ లక్షణాలు.

ఈ కండెన్సర్ విలువ సాధారణంగా 0.2 నుంచి 0.3 మైక్రోఫారడ్ల మధ్య ఉంటుంది. తెలుగు వాడుకలో సీలింగ్ ఫ్యానుకు వేసేదాన్ని కూడా కండెన్సర్ అనే అంటారు. దాని విలువ సుమారు 2.5 మైక్రోఫారడ్లు, అంటే పది రెట్లు. పేరు ఒకటే కదా అని దాన్ని తగిలిస్తే పాయింట్ల మంట తగ్గినట్లు కనిపిస్తుంది గాని స్పార్క్ బలం పడిపోతుంది. విలువ తప్పిన కండెన్సర్ వల్ల ఒక పాయింటు మీది లోహం రెండోదాని మీదికి చేరి, ఒకచోట గుంట, మరొకచోట మొటిమ ఏర్పడతాయి. వృత్తిపదాలను అధ్యయనం చేసేవారు గమనించవలసిన విషయం ఇది. ఒకే పదం రెండు వృత్తుల్లో రెండు వస్తువులను సూచించినప్పుడు, ఆ అస్పష్టత యంత్రానికి కూడా హాని చేస్తుంది.

మల్టీమీటర్‌తో కొలిచినప్పుడు సరైన విలువ చూపిన కండెన్సర్ కూడా చెడిపోయినదై ఉండవచ్చు. మీటర్ కొద్ది వోల్టులతోనే పరీక్షిస్తుంది. కండెన్సర్ పని మాత్రం వందల వోల్టుల దగ్గర, ఇంజన్ వేడిలో సాగుతుంది. మోటార్ రీవైండింగ్ దుకాణాల్లో ఇన్సులేషన్ చూడటానికి వాడే మెగ్గర్‌తో 250 వోల్టుల దగ్గర పరీక్షిస్తే లీకేజీ బయటపడుతుంది. ప్రత్యామ్నాయంగా 630 వోల్టుల స్థాయి గల పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కెపాసిటర్ చక్కగా సరిపోతుంది. హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్ విడిభాగాల బజార్లలో అడగవలసింది జావా పేరుతో కాదు, మైక్రోఫారడ్లతో, వోల్టులతో. పాత లోహపు డబ్బాను ఖాళీ చేసి, కొత్త కెపాసిటర్‌ను అందులో అమర్చి మూసివేస్తే బండి రూపం చెదరదు. డైనమో వేడికి దూరంగా, ఇగ్నిషన్ కాయిల్ పక్కన దాన్ని బిగించడం మరొక మార్గం.

6. ఆర్మేచర్, బ్రష్‌లు: రీవైండింగ్ దుకాణం పాత్ర

తెలుగు ప్రాంతాల్లో బోరుబావుల వ్యవసాయం విస్తరించిన కొద్దీ మోటార్ రీవైండింగ్ దుకాణం చిన్న పట్టణాలకు సైతం చేరింది. కాలిపోయిన పంపుసెట్ మోటార్‌ను విప్పి, తీగ గేజీ కొలిచి, చుట్లు లెక్కించి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టే పని అక్కడ నిత్యకృత్యం. డైనమో ఆర్మేచర్‌కు కావలసిన పనులు కూడా ఇవే. అయితే పంపుసెట్ మోటార్‌లో సాధారణంగా కమ్యుటేటర్ ఉండదు. కమ్యుటేటర్ గల ఆర్మేచర్లను తరచుగా చుట్టేది మిక్సీలు, చేతి డ్రిల్లులు బాగుచేసేవారు. నిమిషానికి పదివేల కన్నా ఎక్కువసార్లు తిరిగే మిక్సీ ఆర్మేచర్‌ను చుట్టగలిగిన చేతికి, ఇంజన్‌తో పాటు నిమిషానికి సుమారు 5,000 సార్లు తిరిగే డైనమో ఆర్మేచర్ కొత్త సవాలు కాదు. కాబట్టి జావా ఆర్మేచర్ కోసం వెళ్లవలసింది పాత బండ్ల దుకాణానికి మాత్రమే కాదు, మిక్సీ ఆర్మేచర్లు చుట్టే దుకాణానికి కూడా.

తేడాలను మాత్రం ముందుగా వివరించాలి. మిక్సీది 230 వోల్టులకు సన్నతీగతో, ఎక్కువ చుట్లతో చేసిన పని. డైనమోది 6 వోల్టులకు మందపు తీగతో, తక్కువ చుట్లతో చేసిన పని. తీగ గేజీ ఒక్క మెట్టు తగ్గించినా నిరోధం పెరిగి, ముందే ఇరుకైన 45 వాట్ల లెక్క మరింత కుంచించుకుపోతుంది. తీగ కొసలను కమ్యుటేటర్‌కు టంకం వేసేటప్పుడు వేడి పూర్తిగా పట్టాలి. లేకపోతే అధిక కరెంటుకు టంకం కరిగి, తిరుగుడు వేగానికి చిందిపోతుంది. పాత తీగ కోసే ముందు నాలుగు వివరాలు రాసుకోవాలి: తీగ మందం, గాడికి చుట్లు, ఏ గాడి నుంచి ఏ గాడికి చుట్ట వెళ్లింది, ఆ చుట్ట కొస కమ్యుటేటర్ మీద ఏ రేకుకు చేరింది. నాలుగో వివరం తప్పితే చుట్టిన పనంతా సక్రమంగా కనిపిస్తుంది గాని బ్రష్‌ల దగ్గర నిప్పురవ్వలు ఆగవు. చుట్టిన తరువాత కమ్యుటేటర్‌ను లేతు మీద పలుచగా తిప్పించి, రాగి రేకుల మధ్య ఉన్న అభ్రకాన్ని సుమారు అర మిల్లీమీటరు లోతుకు గీకాలి. అభ్రకం రాగి కన్నా గట్టిది. దాన్ని అలాగే వదిలితే రాగి అరిగి అభ్రకం పైకి తేలి బ్రష్‌ను ఎగరగొడుతుంది.

బ్రష్‌ల విషయంలో ఒక ఉచ్చు ఉంది. మిక్సీ బ్రష్‌ను గీకి జావా పళ్లెంలో సరిగ్గా ఇమిడేలా చేయవచ్చు. ఇముడుతుంది గాని సరిపోదు. అధిక వోల్టేజీ మోటార్ల బ్రష్‌లు గట్టి కార్బన్‌వి, వాటి దగ్గర నష్టమయ్యే వోల్టేజీ ఎక్కువ. 230 వోల్టుల్లో ఒకటి రెండు వోల్టుల నష్టం లెక్కలోకి రాదు. 6 వోల్టుల్లో అది మూడో వంతు వరకు కావచ్చు. తక్కువ వోల్టేజీ యంత్రాలకు రాగి పొడి కలిపిన గ్రాఫైట్ బ్రష్‌లు తగినవి. కారు స్టార్టర్ మోటార్ బ్రష్‌లలో రాగి పాలు మరీ ఎక్కువ. అవి కొద్ది క్షణాలు పనిచేయడానికి చేసినవి గనుక, నిరంతరం తిరిగే కమ్యుటేటర్‌ను త్వరగా అరగదీస్తాయి. పాత కార్ల డైనమో బ్రష్‌లను కొలతకు గీకి వాడటం మేలు. పరిమాణం కుదిరితే చాలన్న భావన ఎంత ప్రమాదకరమో ఈ ఉదాహరణ స్పష్టం చేస్తుంది.

7. రెగ్యులేటర్, బ్యాటరీ: లోపలి మార్పు, వెలుపలి కొనసాగింపు

రెగ్యులేటర్ పెట్టెలో రెండు పనులు జరుగుతాయి. డైనమో వోల్టేజీ బ్యాటరీ వోల్టేజీని మించినప్పుడే రెండింటినీ కలపడం కటౌట్ పని. ఇంజన్ నెమ్మదించినప్పుడు బ్యాటరీ కరెంటు డైనమోలోకి వెనక్కి పోకుండా విడదీసేది కూడా అదే. ఫీల్డ్ కరెంటును తగ్గిస్తూ పెంచుతూ వోల్టేజీని హద్దులో ఉంచడం రెగ్యులేటర్ పని. రెండూ విద్యుదయస్కాంతంతో, స్ప్రింగుతో, చిన్న కాంటాక్టులతో సాగుతాయి. కాంటాక్టులను గరుకు కాగితంతో రుద్దితే ఆ గరుకు రేణువులు లోహంలో దిగబడి కరెంటును అడ్డుకుంటాయి. సన్నని ఆకురాయితో సరిచేసి, ఆల్కహాలుతో తుడవడం సరైన పద్ధతి. స్ప్రింగు బిగువును కొలత లేకుండా మార్చడం వల్ల చెడిపోయిన రెగ్యులేటర్ల కన్నా, చెడిపోయిన బ్యాటరీలే ఎక్కువవుతాయి.

కాయిల్ కాలిపోయినప్పుడు పాత పెట్టెలోనే ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ అమర్చడం ఆచరణీయమైన మార్గం. కటౌట్ స్థానంలో డయోడ్ పెట్టేటప్పుడు సిలికాన్ డయోడ్ దగ్గర సుమారు 0.7 వోల్టు, షాట్కీ డయోడ్ దగ్గర అంతకన్నా తక్కువ నష్టమవుతుందని గుర్తుంచుకోవాలి. 6 వోల్టుల బండిలో ఈ తేడా కూడా లెక్కలోకి వస్తుంది. అంతకన్నా ముందు బ్యాటరీలో ఏ ధ్రువం చాసిస్‌కు కలిపి ఉన్నదో చూసుకోవాలి. పాత కాంటాక్టులు ధ్రువం మారినా కొంత సహిస్తాయి, డయోడ్ సహించదు.

బ్యాటరీ విషయంలో ఆశ్చర్యకరమైన వనరు కిరాణా దుకాణంలో ఉంది. ఎలక్ట్రానిక్ తూకపు యంత్రాలు, ఎమర్జెన్సీ దీపాలు 6 వోల్టుల మూసిన బ్యాటరీలతోనే పనిచేస్తాయి. సుమారు 4.5 ఆంపియర్-గంటల ఈ బ్యాటరీ జావా మూల బ్యాటరీ కన్నా చిన్నదైనా, పగటి ప్రయాణానికి ఇగ్నిషన్‌ను నడిపించగలదు. అయితే దీనిలో నీరు పోసే వీలు లేదు. చార్జింగ్ వోల్టేజీ 7.2 నుంచి 7.4 వోల్టుల హద్దు దాటితే లోపలి తేమ వాయువుగా పోయి బ్యాటరీ ఎండిపోతుంది. అదుపు తప్పిన పాత రెగ్యులేటర్‌తో దీన్ని జత చేయడం తగదు.

8. మూలరూపం, ప్రత్యామ్నాయం

మొత్తం డైనమోను తీసివేసి 12 వోల్టుల ఆల్టర్నేటర్, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అమర్చే మార్గం కూడా ఉంది. పాత జావాల కోసం ఇటువంటి వ్యవస్థలు చెక్ గణతంత్రంలో, జర్మనీలో తయారవుతున్నాయి. నిత్యం నడిపే బండికి ఇది సౌకర్యం. కాంతి పెరుగుతుంది, పాయింట్ల బెడద తప్పుతుంది. కాని చారిత్రక సాక్ష్యంగా బండి విలువ తగ్గుతుంది. ఈ రెండు ప్రయోజనాల మధ్య సమతూకానికి ఒకే సూత్రం ఉపకరిస్తుంది: వెనక్కి తీసుకురాదగిన మార్పు మాత్రమే చేయాలి. కొత్త రంధ్రం వేయకుండా, పాత తీగ కోయకుండా, తీసిన డైనమోను పొడిచోట భద్రపరచి చేసిన మార్పు వల్ల నష్టం తాత్కాలికం.

ఈ చర్చకు చట్టపరమైన కోణం కూడా చేరింది. 2021లో కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ ప్రకటించిన నియమాల ప్రకారం 50 ఏళ్లు దాటి, మూలరూపంలో నిర్వహించబడుతూ, గణనీయమైన మార్పులకు లోనుకాని ద్విచక్ర, చతుశ్చక్ర వాహనాలను వింటేజ్ వాహనాలుగా నమోదు చేయవచ్చు. చాసిస్, బాడీ, ఇంజన్ మార్పులు గణనీయమైన మార్పుల కిందికి వస్తాయి. 1960లలో మైసూరులో తయారైన బండ్లన్నీ వయసురీత్యా ఈ హద్దు దాటాయి. 1970ల బండ్లు ఏటేటా దాటుతున్నాయి. కాబట్టి నేడు ఒక వర్క్‌షాపులో పారవేసిన స్విచ్, కోసివేసిన తీగ, మార్చివేసిన డైనమో ఆ బండి మూలరూపానికి సంబంధించిన సాక్ష్యాలే.

9. నైపుణ్య నమోదు: పరిశోధకుల బాధ్యత

పై వివరాల్లో అధికభాగం పనిచేసే చేతుల్లో ఉన్నదే గాని తెలుగు పుస్తకాల్లో ఉన్నది కాదు. ఏ గేజీ తీగ, గాడికి ఎన్ని చుట్లు అన్న లెక్క ఒక వృద్ధ మెకానిక్ జ్ఞాపకంలోనో, దుకాణం గోడ మీద పెన్సిల్ రాతలోనో ఉంటుంది. గోడకు వెల్ల వేసిన రోజున ఆ లెక్క పోతుంది. తరువాత వచ్చిన ఆర్మేచర్ పూర్తిగా కాలి, పాత చుట్లు లెక్కించడానికి కూడా వీలులేనిదైతే, తీగ ఉంది, చేయి ఉంది, యంత్రం ఉంది, లెక్క మాత్రం లేదు. వస్తువు అలభ్యత అక్కడ జ్ఞానం అలభ్యతగా మారుతుంది.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను గ్రామాలకు వెళ్లి సేకరించింది. 1971లో చేనేత పదాలతో రెండో సంపుటం వచ్చింది. పనిముట్టు పేరును పనివాడి నోటి నుంచే నమోదు చేయాలన్న ఆ పద్ధతి మోటార్ల మరమ్మతుకు కూడా వర్తిస్తుంది. ప్లాటినం, కటౌట్, కండెన్సర్ వంటి పదాలు ఏ అర్థంలో, ఏ ఊళ్లో, ఏ వృత్తిలో వాడుతున్నారో సేకరించడం భాషాశాస్త్ర విద్యార్థి పని. ఆ పదంతో పాటు దాని కొలతను కూడా రాసుకుంటే అది సాంకేతిక చరిత్ర అవుతుంది. ప్రతి మరమ్మతుకు ఒక పుట చాలు: బండి తయారైన సంవత్సరం, భాగం మీది గుర్తులు, తీగ మందం, చుట్లు, గాడి వరుస, మరమ్మతుకు ముందు తరువాత నిరోధం, ఉపయోగించిన ప్రత్యామ్నాయం, ఏడాది తరువాత దాని స్థితి. చివరి అంశం అన్నిటికన్నా విలువైనది. ఎందుకంటే ఇమిడినదేది, నిలిచినదేది అన్న తేడాను అదొక్కటే చెప్పగలదు.

10. ముగింపు

మైసూరు జావా విద్యుద్వ్యవస్థ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. అలభ్యత భాగాన్ని బట్టి మారుతుంది. అరిగే భాగాలకు గుణాన్ని, చుట్టదగిన భాగాలకు లెక్కను, ఆకృతి గల భాగాలకు రక్షణను సమకూర్చాలి. లోపనిర్ధారణ లేని అన్వేషణ వ్యర్థం. 6 వోల్టుల వ్యవస్థలో ఒక తుప్పుపట్టిన ఎర్త్ సైతం చెడిన డైనమోను తలపిస్తుంది. ప్రత్యామ్నాయం ఎంపికలో ఇమడటం వేరు, సరిపోవడం వేరు. పాత భాగాలను పారవేయకుండా, వెనక్కి తీసుకురాదగిన మార్పులే చేయడం చరిత్రకూ చట్టానికీ అనుకూలం.

తీగ, వార్నిష్, ఫిల్మ్ కెపాసిటర్, మెగ్గర్ నేటికీ ప్రతి జిల్లా కేంద్రంలో అందుబాటులో ఉన్నాయి. వాటిని జావా డైనమోకు జోడించగల లెక్క మాత్రం కొద్దిమంది దగ్గరే ఉంది. ఆ కొద్దిమంది పనిలో ఉండగానే ఆ లెక్క కాగితం మీదికి రావాలి.